గైరాన్ గడ్డి

పోయిన నెల రాస్తానన్న బోనస్ లెక్కల సంగతి వచ్చే నెలకు వాయిదా వేస్తున్న, కోపం చేసుకోకండి. ఈసారి ఈ ముక్క కమలనగర్ నుంచి రాస్తున్న. బిడ్డ ఇంటికి వచ్చి ఇరవై రోజులైంది. మిల్లు మూతబడ్డ కాడి నుంచి ఏడాదికి రెండు మూడు నెలలు ఇక్కడే ఉంటానని మీలో చాలామందికి ఎరుకే.

కమలనగర్ ఎక్కడ అని అడిగేవాళ్ళ కోసం చెప్తున్న. బీదర్ నుంచి ఉద్గీర్ పోయే రైలు దారిలో భాల్కీ దాటినాక వస్తుంది. ముందు ఔరాద్ తాలూకాలో ఉండేది, ఇప్పుడు సొంత తాలూకా. ఇంకొంచెం ముందుకు పోతే మహారాష్ట్ర. 1956 దాకా ఈ జిల్లా హైదరాబాద్ రాజ్యంలో ఉండేది. అందుకే ఇక్కడి బజారులో కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు నాలుగూ ఒకే బేరంలో వినబడతయి.

అల్లుడి పొలం కమలనగర్ నుంచి మూడు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెలో ఉన్నది. ఆ పొలం గట్టు దాటితే గైరాన్. గాయ్ అంటే ఆవు, రాన్ అంటే అడవి. ఊరి పశువులు మేయడానికని పాతకాలంలో వదిలేసిన నేల. సోలాపూర్‌లో పుట్టి పెరిగినవాళ్ళు దీన్ని మాళ్‌రాన్ అంటారు, మన తెలంగాణ ముసలోళ్ళయితే కంచె అనో బీడు అనో అంటారు. దసరా దాటింది కదా, ఇప్పుడు అక్కడ గడ్డి నడుము దాకా ఉన్నది. పచ్చదనం పోయి బంగారు రంగుకు తిరిగింది. పొద్దున ఏడింటికి ఎండ ఏటవాలుగా పడితే ఆ గడ్డి మీద గాలి పోయే దారి కనబడుతుంది. మధ్యలో అక్కడొక రేగు, ఇక్కడొక తెల్లతుమ్మ, దూరంగా రెండు మోదుగు చెట్లు. అంతే. మొదటిసారి చూసినవాళ్ళు "ఏమున్నది ఇక్కడ?" అంటారు. ఆ మాట అన్నవాళ్ళలో నేనొకణ్ణి. అన్నదే కాదు, ఒక పని కూడా చేసిన. అది తర్వాత చెప్త.

గడ్డి నేల మీద దూరం దూరంగా చెట్లుండే భూమిని చదువుకున్నవాళ్ళు సవన్నా అంటారు. టీవీలో ఆఫ్రికా సింహాలు, జీబ్రాలు తిరిగే నేల చూపిస్తారు చూడండి, అదే జాతి నేల ఇది. మన దక్కను పీఠభూమి మీద ఇట్లాంటిది సోలాపూర్, అహ్మద్‌నగర్ నుంచి బీదర్, గుల్బర్గా మీదుగా కర్నూలు దాకా ముక్కలు ముక్కలుగా ఉన్నది. బీదర్ జిల్లాలో ఏడాదికి 800 నుంచి 900 మిల్లీమీటర్ల వాన పడుతుంది. తక్కువేం కాదు. కానీ అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, నాలుగు నెలల్లోనే కురిసిపోతుంది. మిగతా ఎనిమిది నెలలు పడితే పడ్డట్టు, లేకుంటే లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీల దాకా పోతుంది. గైరాన్‌లో మట్టి జానెడు, కింద నల్లరాయి. పెద్ద చెట్టు వేరు దిగేందుకు చోటు లేదు. నాలుగు నెలల్లో పెరిగి, పూసి, గింజ రాల్చి, ఎనిమిది నెలలు నేల కింద ప్రాణం దాచుకునే జీవికే ఇక్కడ బతుకు. గడ్డి ఆ పని బాగా చేస్తుంది.

గడ్డి పెరిగే తీరు నాకు ఈ మధ్యనే తెలిసింది. చెట్టు కొమ్మ కొసన పెరుగుతుంది. గడ్డి మొదట్లో పెరుగుతుంది, మన గడ్డం లెక్క. అందుకే గొర్రె పైన కొరికినా, వేసవిలో నిప్పంటుకుని పోయినా, కింది నుంచి మళ్ళీ తోసుకొస్తుంది. మొదటి వాన పడిన వారం పది రోజులకు నల్లగా మాడిన నేల మీద పచ్చ ఈనెలు లేస్తయి. మేపును తట్టుకుంటుంది, నిప్పును తట్టుకుంటుంది. తట్టుకోలేనివి రెండే: నీడ, నాగలి. పైన దట్టంగా చెట్లు కమ్మితే ఎండకు అలవాటైన ఈ గడ్డి చచ్చిపోతుంది. ఒకసారి దున్ని పాత వేళ్ళు తెంపితే ఆ పాత రకాల గడ్డి మళ్ళీ రావడానికి ఏండ్లూ పూండ్లూ పడుతుంది.

మరాఠీవాళ్ళు కుసళ్ అనే గడ్డి ఒకటి ఉన్నది. ఈ రోజుల్లో గైరాన్‌లో నడిస్తే ధోతీ నిండా దాని ముళ్ళే. మనవడు, నేను సాయంత్రం అరుగు మీద కూర్చుని వాటిని ఏరడం రోజూ పని అయింది. ఒకరోజు వాడు ఒక గింజను నీళ్ళ గ్లాసులో వేసిండు. దాని తోక తాడు పేనినట్టు మెలికలు తిరిగి ఉంటుంది. నీళ్ళు తగలగానే ఆ మెలిక విప్పుకుంటూ గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. "తాతా, ఇది బతికున్నది!" అని వాడు ఎగిరిండు. బతికి ఉండటం కాదు గానీ, ఆ తోక తడిసినప్పుడు విప్పుకుంటది, ఎండినప్పుడు మళ్ళీ మెలిపడుతది. అట్లా తిరిగి తిరిగి గింజ తనంతట తాను బరమా లెక్క నేలలోకి దిగుతది. రింగ్ ఫ్రేమ్ మీద ముప్పై ఏండ్లు నూలుకు పురి పెట్టినవాణ్ణి నేను. ఈ పురి ముందు మన స్పిండిల్ ఎంత అనిపించింది.

ఇక మనుషుల సంగతి. రోజూ పొద్దున గైరాన్‌కు గొర్రెల మందతో వచ్చే ఒక ముసలాయన ఉన్నడు. నాకంటే పదేండ్లు పెద్ద. నేను దాదా అంట, ఆయన నన్ను తమ్మీ అంటడు. ఆయన మాట సగం మరాఠీ, సగం కన్నడం, నా కోసం కొంచెం తెలుగు. భుజం మీద నల్ల గొంగడి ఎప్పుడూ ఉంటది. మన ఇండ్లల్ల సోలాపూర్ చద్దర్లు ఎట్లనో వాళ్ళకు గొంగడి అట్ల. దక్కనీ గొర్రె బొచ్చుతో వడికి నేసింది. వాన నీళ్ళు తొందరగా లోపలికి దిగనియ్యదు, చలికి కప్పు, ఎండకు నీడ, పడుకుంటే పరుపు. నేనైతే చెయ్యి వేసి నూలు చూసిన. మోటుదే, కానీ పురి గట్టిది. "ఇది మా నాయిన కట్టినది" అన్నడు. ఇప్పుడు ఆ బొచ్చు గొర్రెలు తగ్గిపోతున్నయి, మాంసం కోసం నున్నటి జాతులు తెచ్చి కలుపుతున్నరు. బొచ్చు కొనేవాడు లేడు, నేసేవాడు లేడు. ఈ కథ మనకు ఎవరూ చెప్పనక్కర లేదు.

దాదా మందకు వేసవి మేతంతా గైరానే. పంట కోసినాక రైతులు పిలిచి పొలంలో మంద కట్టించుకుంటారు. రాత్రంతా గొర్రెలు పొలంలో పడుకుంటే ఎరువు పడుతుంది, దానికి జొన్నలో, డబ్బులో ఇస్తారు. అంటే గైరాన్‌లో మొలిచిన గడ్డి గొర్రె కడుపులో నుంచి అల్లుడి పొలంలోకి ఎరువై వస్తున్నది. కాగితం మీద మాత్రం ఆ నేల పేరు బంజరు.

మన మిల్లులో వేస్ట్ ఖాతా అని ఉండేది, గుర్తుందా? బ్లోరూంలో రాలిన పత్తి, కార్డింగ్‌లో పడ్డ పొట్టి పీచు, సాంచాల దగ్గర తెగిన నూలు. పేరుకు వేస్టే, కానీ దాని కోసం కాంట్రాక్టర్లు లైను కట్టేవాళ్ళు. బొంతల్లోకి, దీపం వత్తుల్లోకి, మిషన్లు తుడిచే గుడ్డల్లోకి పోయేది. గైరాన్ కూడా అట్లాంటి ఖాతాలోనే పడ్డది. ఇంగ్లీషోళ్ళ కాలంలో శిస్తు రాని నేలను వేస్ట్ అని రాసుకునేవాళ్ళు. ఆ మాట దిగలేదు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహం తీసిన బొమ్మలతో దేశంలోని బంజరు భూముల పటాలు తయారుచేస్తుంది. మొదటిది 2000లో వచ్చింది. 2019లో వచ్చిన దాని ప్రకారం దేశం నేలలో ఇంచుమించు ఆరో వంతు బంజరే. ముళ్ళ పొదల నేల, పలుచటి గడ్డి నేల అందులోనే కలిసి ఉన్నయి. బంజరు అని ఒకసారి రాసినాక ఎవరొచ్చి ఏం కట్టినా, ఏం నాటినా మంచి పనే అనిపిస్తుంది.

అడవి నరికితే ఇట్లా బీడయిందని మనం అనుకుంటం. నేనూ అట్లనే అనుకున్న. పశ్చిమ మహారాష్ట్రలో ఇదే రకం నేల మీద 2025లో ఒక పరిశోధన వచ్చింది. 750 ఏండ్ల కిందటి నుంచి మరాఠీలో ఉన్న కథలు, పాటలు వెతికి, వాటిలో ఏ చెట్ల పేర్లున్నయో చూసిండ్రట. ఎక్కువగా కనబడ్డవి దట్టమైన అడవి చెట్లు కావు, ఎండనేల చెట్లే. అంటే అప్పుడు కూడా అది గడ్డి నేలే.

జంతువులను చూడాలంటే కొంచెం ఓపిక కావాలె. మొన్న పొద్దున దాదా చెయ్యి పట్టి కూర్చోబెట్టి చూపిచ్చిండు. ముందు రెండు తీతువులు మా నెత్తి మీద తిరుగుకుంట అరిచి అరిచి పోయినయి. పూరేడు పిట్టలు కాళ్ళ కింద నుంచి బుర్రున లేచినయి. కొద్దిసేపటికి గడ్డి మీద మూరెడు ఎత్తున, రెక్కలు కదలకుండా తేలుకుంట ఒక గద్ద వచ్చింది. పిల్లిగద్ద. ఇవి చలికాలం గడపడానికి కజకిస్తాన్ వైపు నుంచి వస్తాయి, వేల కిలోమీటర్లు ఎగిరి. రాత్రి చెట్టెక్కవు, గడ్డిలోనే నేల మీద పడుకుంటాయి. మిడతలు వీటికి ఇష్టమైన తిండి. రైతుకు పైసా ఖర్చు లేని మందు. గడ్డి లేకపోతే వాటికి పడక లేదు.

తర్వాత కృష్ణజింకలు. పదకొండు లెక్కపెట్టిన. ఆడవి, పిల్లలు లేత గోధుమ రంగు, ఒకటే పెద్ద మగది. వీపు నల్లగా, కడుపు తెల్లగా, కొమ్ములు మెలిదిరిగి. మమ్మల్ని చూసి ఒకటి ఎగిరింది, వెనకే అన్నీ ఎగిరినయి. గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకోగలదు ఇది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా ఇదే. అడవిలో బతికే జింక కాదు. దూరం నుంచి శత్రువును చూసి పరుగెత్తడమే దాని రక్షణ, చెట్లు అడ్డం వస్తే దానికి కండ్లు మూసినట్టే.

ఇంటికి వచ్చి సంబరంగా చెప్తే అల్లుడు మొహం ముడుచుకున్నడు. "మామా, మీకు చూడ్డానికి బాగనే ఉంటయి. పోయిన వానకాలం ఎకరం పెసర మొలకలు తెల్లారేసరికి నున్నగ కొరికి పోయినయి. మల్ల విత్తనం కొని పెట్టిన." ఆయన మాటల్ల అబద్ధం లేదు. బీదర్ జిల్లాలో జింకల మీద రైతులకు ఉన్న కోపం చిన్నది కాదు. 1972 చట్టం ప్రకారం వాటిని ముట్టుకుంటే జైలు. నష్టపరిహారం కోసం తిరిగితే చెప్పులు అరుగుతయి. జింకను కాపాడమని చెప్పేవాళ్ళు ముందు ఈ పెసర చేను గట్టు మీద నిలబడి చెప్పాలె. నేను మాత్రం అల్లుణ్ణి ఒకటే అడిగిన: గైరాన్ పోతే ఈ పదకొండూ యాడికి పోతయి? ఆయన కొద్దిసేపు ఆగి, "ఇగ రోజూ మన చేన్లనే ఉంటయి" అన్నడు.

తోడేలు నేను చూడలేదు. దాదా చూసిండు, ఈ ఏడు రెండు గొర్రెలను పోగొట్టుకున్నడు కూడా. తిట్టడేమో అనుకున్న. "దాని వాటా అది తిన్నది తమ్మీ" అని బీడీ ముట్టిచ్చిండు. దేశంలో మిగిలిన తోడేళ్ళు రెండు మూడు వేలేనంటారు, అవి ఎక్కువగా బతికేది అభయారణ్యాల బయట, ఇట్లాంటి గైరాన్లలో, గొర్రెల కాపరుల మధ్యనే.

సోలాపూర్‌వాళ్ళకు మాళ్‌ఢోక్ పేరు చెప్పనక్కర లేదు. తెలుగులో బట్టమేకపిట్ట. నేను దాన్ని ఒక్కసారే చూసిన. కొత్తగా పనిలో చేరిన రోజులు, సెలవు రోజున నలుగురం సైకిళ్ళ మీద నాన్నజ్ పోయినం. గంటన్నర ఎండలో పడుకున్నంక గడ్డిలో నుంచి మీటరు ఎత్తు పిట్ట ఒకటి లేచి నిలబడ్డది, మెడ తెల్లగా, నెత్తి మీద నల్ల టోపీ. బాగా పెరిగిన మగది 15 కిలోల దాకా తూగుతుందట. నేల మీదనే గుడ్డు పెడుతుంది, అదీ సాధారణంగా ఏడాదికి ఒక్కటే. దాని కోసం 1979లో నాన్నజ్‌ను అభయారణ్యం చేసిండ్రు. కాగితం మీద 8,496 చదరపు కిలోమీటర్లు. ఊళ్ళకు ఊళ్ళు అందులో పడి జనం ఇబ్బంది పడ్డరు, తర్వాత కుదించిండ్రు. ఇప్పుడు అక్కడ ఒక్క పిట్ట కనబడితే పేపర్లో వేసే కాలం వచ్చింది. మన ఆంధ్రలో కర్నూలు దగ్గర రోళ్ళపాడును 1988లో ఇదే పిట్ట కోసం అభయారణ్యం చేసిండ్రు, 614 హెక్టార్లు. చుట్టూ కాలువ నీళ్ళు వచ్చి పంటలు మారినయి, పిట్ట మాయమైంది. దేశం మొత్తం మీద ఇప్పుడు నూటయాభై దాకా ఉంటాయంటారు, ఎక్కువ రాజస్థాన్‌లోనే. కరెంటు తీగలకు తగిలి కూడా చస్తున్నయి, ఎదురుగా ఉన్నది దానికి సరిగా కనబడదట.

చీటా సంగతి మీరు విన్నదే. 1952లో మన దేశంలో లేదని సర్కారే ప్రకటించింది. 2022 సెప్టెంబర్ 17న నమీబియా నుంచి ఎనిమిది చీటాలను విమానంలో తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలిండ్రు. మంచిదే. ఆ జంతువు ఒకప్పుడు పరుగెత్తింది మాత్రం ఇట్లాంటి నేల మీదనే, వెంబడించింది ఎక్కువగా ఈ కృష్ణజింకలనే.

ఇప్పుడు నా పని సంగతి. ఆరేండ్ల కింద ఎండకాలంలో నేను ఇక్కడే ఉన్న. ఒక సంఘంవాళ్ళు వచ్చిండ్రు, పేరు ఎందుకు, మంచి మనుషులే. గైరాన్‌లో సగం వనం చేస్తం, శ్రమదానానికి రండి అన్నరు. మిల్లు పోయినంక చేతులకు పని లేదు, నాకు సంతోషమైంది. పదిహేను రోజులు పొద్దున పొద్దున గడ్డపార పట్టుకుని పోయిన. గుంటలు తవ్వినం, వాన నీళ్ళు ఆగడానికి పొడుగు కందకాలు తవ్వినం. సుబాబుల్, గిరిపుష్పం మొక్కలు పెట్టినం. ఫోటో దిగినం. ఆ ఫోటో ఇదే పత్రికలో వచ్చింది, కింద నా పేరుతో. మీలో కొందరు మెచ్చుకుంటూ జాబులు కూడా రాసిండ్రు.

తవ్వే రోజుల్లో దాదా దూరంగా గొంగడి మీద కూర్చుని చూసేవాడు. ఒక్క మాట అనలేదు. ఒకరోజు నా గడ్డపార కింద తీతువు గుడ్లు పగిలినయి, నాలుగు. రాళ్ళ రంగులోనే ఉంటయి, కనబడలేదు. పక్కకు తోసి తవ్వుకుంట పోయిన. ఆ పిట్ట సాయంత్రం దాకా అరిచింది.

మూడేండ్లకు మొక్కలు చాలా మటుకు ఎండినయి, మట్టి జానెడే కదా. అక్కడక్కడ బతికిన సుబాబుల్ కింద పాత గడ్డి లేదు. తవ్వి పోసిన మట్టి మీద సర్కారు తుమ్మ, వయ్యారిభామ ఎక్కినయి. ఆ సగంలో ఇప్పుడు జింక కనబడదు, గొర్రెకు మేత లేదు. కందకంలో పడి దాదా గొర్రె కాలు విరిగింది. పోయిన ఏడు ఆయన నాతోని ఆ సంగతి చెప్పినప్పుడు నేనడిగిన: "అప్పుడే ఎందుకు చెప్పలేదు దాదా?" ఆయన నా మొహం చూసి, "చదువుకున్నోళ్ళు, చెట్లు పెడుతున్నరు. చెట్టు వద్దనే మాట ఎట్ల అంట తమ్మీ?" అన్నడు.

చెట్టు మీద నాకు పగ లేదు. మన పూర్వభాగ్ వీధుల్లో ఎన్ని వేప చెట్లు పెట్టినా తక్కువే. అడవి ఉన్నచోట అడవి నరికితే అక్కడ మళ్ళీ పెంచాలె. అది వేరే లెక్క.

మిగిలిన సగం గైరాన్‌లో కూడా వచ్చే ఎండకాలం గుంటలు తవ్వాలని పంచాయతీలో మాట నడుస్తున్నది. మంచి అనుభవం ఉన్న మనిషి అని ఈసారి కూడా నన్నే పిలిచిండ్రు, తీర్మానం కింద సంతకం చేయమన్నరు. నేను చేయలేదు. బడి చుట్టూ, చెరువు కట్ట మీద, రోడ్డు పొడుగునా వేప, చింత, రావి పెట్టండి, గుంటలు నేనే తవ్వుత అని చెప్పిన. గైరాన్‌లో కందకాలు పూడ్చి, సర్కారు తుమ్మ వేళ్ళతో పీకి, గడ్డి గింజ పడే దాకా రెండు వానలు మేపు ఆపుదామని దాదాతో మాట్లాడిన. రెండు వానలు మేపు ఆపడం ఆయనకు చిన్న మాట కాదు. ఆ సగంలో ఎట్లాగూ మేత లేదు కదా అని చివరికి ఒప్పుకున్నడు. అల్లుడు మాత్రం జింకల నష్టపరిహారం మాట కూడా ఆ తీర్మానంలో ఎక్కాలె, లేకుంటే నేను చెయ్యి ఎత్తను అంటున్నడు. అది కూడా రాసిన.

2026ను మేత భూముల, పశువుల కాపరుల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఈ సంగతి దాదాకు చెప్తే, "వాళ్ళకు ఎవరు చెప్పిండ్రు మన సంగతి?" అని పొట్ట పట్టుకుని నవ్విండు.

గ్రామసభ వచ్చే సోమవారం. దాదా ఇప్పటిదాకా ఏ సభలోనూ నోరు తెరవలేదట. నువ్వు మాట్లాడు, నేను పక్కన నిలబడతనన్నడు. నేను ఒప్పుకోలేదు, గొర్రె కాలు విరిగిన మాట ఆయన నోటితోనే రావాలె. తీతువు గుడ్ల మాట నేను చెప్త. ఏం తేలిందో వచ్చే నెల బోనస్ లెక్కలతో పాటు రాస్త. అప్పటిదాకా, ఆ పాత ఫోటో ఎవరి ఇంట్లోనైనా ఉంటే ఒక కాపీ పంపండి, సభలో చూపించాలె.